గేదె లేచేలోపు గీయాలంటే: పాకలో ఆరు వారాలు వాడిన బ్రష్ పెన్

పడుకున్న గేదె లేవడానికి మహా అయితే నాలుగైదు సెకన్లు. తలను ఒకసారి ముందుకు విసురుతుంది, ఆ ఊపుతో వెనక భాగం పైకి లేస్తుంది, ముందు కాళ్ళు మాత్రం ఇంకా మోకాళ్ళ మీదే ఉంటాయి. తుంటి పైన, మోర కింద, వీపంతా జారుడుబండలా ఏటవాలుగా కనిపించే క్షణం అది. ఆ తర్వాత ముందు కాళ్ళు ఒకటొకటిగా నిలబడతాయి, అంతే, మళ్ళీ మామూలు గేదె. ఆ ఏటవాలు వీపును కాగితం మీద పెట్టాలని మూడు వారాలు పెన్సిల్‌తో తంటాలు పడ్డాను. బ్రష్ పెన్ చేతికొచ్చిన నాలుగో రోజున వచ్చేసింది. అక్కణ్ణుంచి ఆరు వారాలు రోజూ దాన్నే వాడాను కాబట్టి ఇప్పుడు దాని గురించి గట్టిగా చెప్పగలను.

ఇది ఏదో ఒక కంపెనీ పెన్ను మీద రాస్తున్నది కాదు. మొనలో నైలాన్ వెంట్రుకల కుంచె, వెనక మార్చుకునే ఇంకు కార్ట్రిడ్జ్, ఆరాక నీళ్ళు పడ్డా చెదరని నల్ల పిగ్మెంట్ ఇంకు. ఈ మూడూ ఉన్న పెన్నులు దాదాపు ఒకేలా పనిచేస్తాయి. నేను రెండు రకాలు వాడాను, రెండింట్లోనూ మంచిచెడ్డలు ఒకటే. స్కెచ్‌పెన్నులా ఫెల్టు మొన ఉండేవి వేరే జాతి, వాటి సంగతి తర్వాత.

నాది ఎడమచేతి వాటం. పదిహేనేళ్ళుగా బొమ్మలు వేస్తున్నాను గానీ ఎక్కువగా బల్ల దగ్గర కూర్చుని, ఫోటో చూసి. ఫోటో చూసి వేసిన ఆవు బాగానే ఉండేది, కానీ దానికి బరువుండేది కాదు. నాలుగైదు వందల కిలోల జంతువు నేల మీద నిలబడి ఉందన్న సంగతి నా గీతలో ఎక్కడా తెలిసేది కాదు. అందుకే ఈసారి పాకకే వెళ్ళాను. ఎనిమిది గేదెలు, మూడు ఆవులు, ఓ మేకల మంద, నాలుగు గొర్రెలు, కాళ్ళకడ్డం పడే కోళ్ళు. వాటిని చూసుకునే పెద్దాయన మొదటిరోజే చెప్పాడు: "ఎదురుగా నిలబడకమ్మా, వెనక అసలే వద్దు. పక్కకొచ్చి నిలబడు. నిన్నోసారి చూసుకుని దాని పని అది చేసుకుంటుంది." పశువుకు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా వెనక మాత్రం కనిపించదు. అక్కడెవరో ఉన్నారని అనుమానం వస్తే చెవులు అటు తిప్పి బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిన గేదెను గీయడం సులువే, కానీ అందులో గేదె ఉండదు.

పెన్సిల్‌తో నా ఇబ్బంది ఏమిటో చెప్తే ఈ పెన్ను ఎందుకు పనికొచ్చిందో అర్థమవుతుంది. పెన్సిల్ పట్టుకుంటే చేయి వెతుకుతుంది. సన్నగా ఒక గీత, దాని పక్కనే ఇంకోటి, అది కాదనిపిస్తే మూడోది. రబ్బరు జేబులో ఉందన్న ధైర్యం ఒకటి. ఈ వెతుకులాటంతా కళ్ళు కాగితం మీద పెట్టి చేసేదే. తల ఎత్తేసరికి మేక అక్కడుండదు. ఆ మూడు వారాల స్కెచ్‌బుక్ ఇప్పుడు తిరగేస్తే, ప్రతి బొమ్మలోనూ ముందు గీసిన తల ఒక జంతువుది, తర్వాత గీసిన కాళ్ళు నేను ఊహించుకున్నవి.

బ్రష్ పెన్‌తో వెతకడం కుదరదు. మొన కాగితానికి తగిలిందంటే పడింది గీతే. అందువల్ల నాకు తెలియకుండానే వరస మారింది. ముందు చూడటం, చాలాసేపు చూడటం, ఆ తర్వాత ఒక్క ఊపులో గీయడం. నాలుగో రోజు ఆ గేదెను అలాగే గీశాను. అది లేవడం అంతకుముందు ఓ ఇరవైసార్లు చూసి ఉంటాను. ఈసారి అది తల విసరగానే పెన్ను కాగితం మీద ఆనించి, చూపు గేదె మీదే ఉంచి, తుంటి దగ్గర గట్టిగా నొక్కి, వీపు జారే చోట చేయి తేలిక చేసి, జబ్బ దగ్గర మళ్ళీ నొక్కి, కొమ్ము మొదట్లో ఎత్తేశాను. ఒకే గీత. కిందికి చూస్తే తుంటి దగ్గర వేలంత మందం, నడుము దగ్గర దారమంత సన్నం. ఆ మందంలోనే బరువుంది. నీడలు దిద్దలేదు, పొట్ట గీయలేదు, కాళ్ళకు రెండు చుక్కలు పెట్టానంతే. గేదె లేస్తోందని చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది.

ఒకే మొనతో సన్నం, లావు రెండూ రావడం ఈ పెన్నుకున్న అసలు గుణం. మామూలు పెన్నుతో ఆ మందం రావాలంటే గీత మీద గీత పడాలి, దానికి టైముండదు. కుంచె, సీసా తీసుకెళ్ళినా ఇదే గీత వస్తుంది, కానీ ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో కుంచె పట్టుకుని నిలబడ్డ మనిషి సీసా ఎక్కడ పెట్టాలి? నల్ల సుద్ద ఇంతకంటే హాయిగా పరుచుకుంటుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1637లో ఏనుగును గీసింది నల్ల సుద్దతోనే, ఆ ముడతలు పడ్డ చర్మం సుద్దకే సాధ్యం. కానీ సుద్ద బొమ్మ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి ఎదురు పేజీకంతా అంటుకుంటుంది. రోజుకు ఇరవై పేజీలు నింపే పనికి అది కుదరదు.

గేదెలకూ ఆవులకూ ఈ పెన్ను చాలా బాగుంటుంది. వెనక నుంచి కొంచెం దూరంగా నిలబడి ఆవును చూడండి, పొట్ట రెండు పక్కలా సమానంగా ఉండదు. మేసిన గడ్డి నిండే పెద్ద సంచి ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి ఆ డొక్క ఉబ్బి కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ నేను వెనక నుంచి గీసిన ఆవులన్నీ కొలిచి కోసినట్టు రెండు పక్కలా ఒకటే. బ్రష్ పెన్‌తో ఎడమ గీత వేసేటప్పుడు కొంచెం నొక్కితే చాలు, మేత మేసి వచ్చిన ఆవు అవుతుంది.

నెమరేసే ఆవు ఉంటే ఇక అంతకంటే మంచి మోడల్ లేదు. రోజులో ఇంచుమించు ఎనిమిది గంటలు నెమరుకే పోతాయి దానికి, కదలదు. కానీ దవడ ఆగదు, పక్కకు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, అందుకే మూతి గీయడం కష్టం. రెండు గంటలు కూర్చున్నాక కనిపెట్టింది ఏమిటంటే, ఒక ముద్ద నమలడం అయ్యాక మింగి, ఇంకో ముద్ద పైకి తెచ్చుకునే మధ్యలో దవడ కొద్ది సెకన్లు పూర్తిగా ఆగుతుంది. మెడ కింద ఒక ఉబ్బు సర్రున పైకి పాకడం కంటికి కనిపిస్తుంది కూడా. అది గొంతు దాటేలోపు మూతి గీసేయాలి. బ్రష్ పెన్‌తో మూతికి మూడు గీతలు: ముక్కుపుటం ఒక నొక్కు, పెదవి ఒక లాగు, దవడ కింద ఒక వంపు. టైము సరిపోతుంది. ఆగి ఆగి అదే భంగిమకు వస్తుంది కాబట్టి తప్పిపోయినా బెంగ లేదు, ఇంకో నిమిషంలో మళ్ళీ ఆగుతుంది.

అందుకే పేజీకి ఒకే బొమ్మ వేయడం మానేశాను. ఐదారు బొమ్మలు సగం సగం మొదలుపెట్టి వదిలేస్తాను. జంతువు కదిలితే కొత్తది మొదలు. తిరిగి పాత భంగిమకు వస్తే పాతదానికి వెళ్తాను. తోకతో ఈగలు తోలే ఆవు తోకను ఇన్నిసార్లు ఒకే దారిలో ఊపుతుందని ఇలా గీస్తేనే తెలిసింది.

మేకల దగ్గర పెన్ను సగం మార్కులే తెచ్చుకుంది. కొమ్ములు అద్భుతంగా వస్తాయి: మొదట్లో నొక్కి, వంపులో వదిలి, చివర ఎత్తేస్తే కొమ్ము తయారు. కన్ను కూడా. మేక కంటిపాప అడ్డంగా పలక గీతలా ఉంటుంది కదా, మేయడానికి తల వంచినా ఆ గీత నేలకు సమాంతరంగానే ఉంటుంది, కనుగుడ్డే గుండ్రంగా తిరిగి సర్దుకుంటుంది. ఇది చదివి తెలుసుకోవడం వేరు, పక్కన గొంతుక్కూర్చుని చూడటం వేరు. పుస్తకంలో వంగిన తలకు వంగిన కన్ను పెట్టి, మళ్ళీ చూసి, బొమ్మంతా తిరిగి వేసుకున్నాను. కుంచె మొన ఒక్కసారి అడ్డంగా తాకిస్తే ఆ పాప వచ్చేస్తుంది. గడ్డం, కాళ్ళ కీళ్ళు, పక్కటెముకల మీద వెంట్రుకల మలుపు, ఇలాంటి సన్న పనిలో మాత్రం పెన్ను తడబడుతుంది. పైగా మేక ఒక చోట నిలబడదు, కుంచెకు కావాల్సిన నిదానం దాని దగ్గర దొరకదు.

గొర్రెలకైతే వద్దు. ఉన్నిని నల్ల ఇంకుతో చూపించబోతే తడిసిన గొర్రెలే వచ్చాయి నాకు. వాటికి మామూలు బాల్ పెన్నే సరైనది, చుట్టలు చుట్టలుగా గీతను తిప్పుకుంటూ పోవచ్చు, తేలికగా పడితే బూడిద రంగు, నొక్కితే నలుపు. శిల్పి హెన్రీ మూర్ 1972లో తన స్టూడియో కిటికీలోంచి కనిపించే గొర్రెలను ఒక నోట్‌బుక్ నిండా గీసింది బాల్ పెన్‌తోనే. ఆ గొర్రెల్లో ఉన్ని ఎంత గుబురుగా ఉంటుందో, దాని కింద ఒళ్ళు అంత గట్టిగా తెలుస్తుంది. బాల్ పెన్ ఇంకు వెలుతురుకు వెలిసిపోతుందన్న ఒక్క భయం తప్ప గొర్రెల విషయంలో దానికి పోటీ లేదు.

కోళ్ళ దగ్గర మళ్ళీ బ్రష్ పెన్నే గెలిచింది, నేను అనుకోలేదు. కోడి నడుస్తుంటే తల ముందుకీ వెనక్కీ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. నిజానికి తల గాలిలో ఒక చోట ఆగుతుంది, ఒళ్ళు దాని కిందికి వచ్చి చేరుతుంది, అప్పుడు తల చటుక్కున ముందుకు వెళ్ళి మళ్ళీ ఆగుతుంది. అంటే గీయాల్సింది తలను, అది ఆగిన ఆ కాస్త టైములో. ఒక చుక్క, ఒక ముక్కు, మెడ నుంచి తోక దాకా పడవ లాంటి ఒక వంపు. కాలిలో వెనక్కి వంగి మోకాలనిపించేది నిజానికి చీలమండ, అసలు మోకాలు ఈకల లోపల దాక్కుని ఉంటుంది. ఇది తెలిశాక నా కోళ్ళు పడిపోవడం ఆగింది.

ఇక పెన్నులో ఉన్న లోపాలు. అవి చిన్నవి కావు.

ఎడమచేతి వాళ్ళకు మొదటి దెబ్బ ఆరడం. నున్నటి కాగితం మీద ఈ ఇంకు ఆరడానికి నిమిషం పైనే పడుతుంది, నా చేయి ఎడమ నుంచి కుడికి తడి గీత మీదుగానే పోవాలి. మొదటి వారం బొమ్మలన్నిటికీ అరచేతి అంచు మరక ఉంది. పేజీని కుడి నుంచి నింపడం అలవాటు చేసుకున్నాక తగ్గింది, పూర్తిగా పోలేదు. కాగితం మార్చాక మాత్రం పెద్ద తేడా వచ్చింది. మొదట వాడిన 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) పల్చటి నోట్‌బుక్‌లో ఇంకు వెనక పేజీకి దిగిపోయేది. తర్వాత 200 జీఎస్ఎం, కొంచెం గరుకుగా ఉన్న ఏ5 పుస్తకం తీసుకున్నాను. ఇంకు త్వరగా పీల్చుకుంటుంది, వెనక్కి దిగదు. ఇంకో లాభం కూడా ఉంది. కుంచెను పక్కకు వాల్చి వేగంగా లాగితే గరుకు మీద ఇంకు విరిగి విరిగి పడుతుంది, ఎండిన బురద అంటిన గేదె చర్మం సరిగ్గా అలాగే ఉంటుంది.

రెండోది నిలువు పుస్తకం. నిలబడి గీసేటప్పుడు పుస్తకాన్ని మోచేతి మీద నిలబెట్టి పట్టుకోవడం నా అలవాటు. అలా పట్టుకుంటే మొన పైకి చూస్తుంది, కాసేపటికి ఇంకు మొన దాకా రాదు, గీత ఎండిపోతుంది. ఒకసారి పెన్నును కిందికి తిప్పి ఊరుకోవాలి, లేదా కార్ట్రిడ్జ్ నొక్కాలి. నొక్కితే ఒక్కోసారి చుక్క రాలుతుంది. పాలిచ్చే ఆవు ఒకటి ఎంతో ఓపికగా నిలబడితే గీసిన బొమ్మ మీద, సరిగ్గా మూపురం మీద, అలాంటి చుక్క పడింది. ఆ బొమ్మ పోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. ఇప్పుడు చిన్న ముక్కాలిపీట తీసుకెళ్తున్నాను, పుస్తకం ఒళ్ళో పడుకోబెడతాను.

మూడోది దుమ్ము. పాకలో గాలి నిండా గడ్డి నలుసులే. ఒక నలుసు వెంట్రుకల మధ్య ఇరుక్కుందంటే మొన రెండుగా చీలి ఒకటికి రెండు గీతలు పడతాయి. వేలితో పీకబోతే వెంట్రుకే వస్తుంది. తడి గుడ్డ ముక్కలో మొన పెట్టి, లాగకుండా తిప్పితే నలుసు గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. మూత పెట్టకుండా ఐదు నిమిషాలు మాటల్లో పడితే మొదళ్ళలో ఇంకు గట్టిపడటం మొదలవుతుంది, పిగ్మెంట్ ఇంకు ఒకసారి గట్టిపడితే కడిగినా పూర్తిగా పోదు. ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్ళలో మొన ఆడించి, గుడ్డతో అద్ది, మొన కూడదీసి మూత పెట్టడం నా చేత రోజూ చేయించింది ఈ పెన్ను. బాల్ పెన్ ఇంత సేవ అడగదు.

ఫెల్టు మొన రకం గురించి ఒక మాట అన్నాను కదా. దానికి ఈ ఆరడం బాధా, చీలే బాధా తక్కువ, ధైర్యంగా గీయొచ్చు. కానీ గరుకు కాగితం మీద కొద్ది రోజులకే మొన అరిగి బొద్దుగా అవుతుంది. తుంటి దగ్గర లావు వస్తుంది గానీ నడుము దగ్గర దారం రాదు. గేదెను గీయడానికి ఆ దారమే కావాలి.

ఇంకొకటి, పెన్ను గుణం నాకు బాగా తెలిసొచ్చిన రోజు. ఐదో వారంలో వరస చివర కట్టేసిన గేదెను గీశాను. ఏమీ ఆలోచించలేదు, కనిపించినట్టు గీత లాగాను. పెద్దాయన నీళ్ళ బకెట్టు దింపి, చేతులు తుడుచుకుని, నా భుజం మీదుగా చూసి అన్నాడు: "కుడి కాలు ఆనించట్లేదని కనిపెట్టావే, అమ్మా! మూడ్రోజుల్నుంచి అలాగే ఉందది, గిట్ట సందున పుండు." నేను కనిపెట్టలేదు. తిరిగి బొమ్మ చూశాను. మూడు కాళ్ళు నేలను తాకిన చోట గీత మందంగా, నల్లగా దిగబడి ఉంది. కుడి వెనక కాలు మాత్రం సన్నగా వచ్చి నేలకు కాస్త ముందే ఆగిపోయింది. నాకు తెలియని సంగతి చేతికి తెలిసింది. పెన్సిల్ పుస్తకంలో అదే గేదె బొమ్మలు వెతికి చూశాను, నాలుగు కాళ్ళూ ఒకే నలుపు.

ఎవరు కొనాలంటే, బరువైన జంతువులను కదులుతుండగా గీయాలనుకునే వాళ్ళు తప్పకుండా కొనండి. ఇంతవరకూ రబ్బరు లేకుండా గీయని వాళ్ళైతే ముందు ఓ వారం బాల్ పెన్‌తో గీయండి, చెరపలేని గీతకు మనసు అలవాటు పడుతుంది. ఆ తర్వాత దీన్ని పట్టుకుంటే మొదటిరోజు గుండె దడ ఉండదు. కొనేటప్పుడు కార్ట్రిడ్జులు విడిగా దొరుకుతాయో లేదో చూసుకోండి. మూత తీసి మొన చూడనివ్వని చోట కొనకండి. నాకు ఇంటికి వచ్చిన మొదటి పెన్ను వెంట్రుకలు మడత పడి వచ్చింది, ఎంత తడిపి కూడదీసినా మొన కలవలేదు, తిప్పి పంపి ఇంకోటి తెప్పించుకున్నాను.

నా సంచిలో ఇప్పుడు ఒక బ్రష్ పెన్, గొర్రెలకూ మేకల గడ్డాలకూ ఒక బాల్ పెన్, ఏ5 పుస్తకం, తడి గుడ్డ, ముక్కాలిపీట. పెన్సిల్ లేదు. ఈ ఉదయమే రెండో కార్ట్రిడ్జ్ ఎక్కించాను. పాలు తాగే దూడ మధ్యలో ఆగి, తలతో పొదుగును ఒక్క కుమ్ము కుమ్ముతుంది చూడండి, ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, మెడంతా ఒక స్ప్రింగులా బిగించి. ఆ మెడ నాకింకా దొరకలేదు. దూడను విప్పేది పొద్దున్నే, పెద్దాయన రేపు ఆరింటికల్లా రమ్మన్నాడు.